పసుపు పువ్వున్న ప్రతి పొదా తంగేడేనా? ఆకు మొదట్లో చూస్తే తేలిపోతుంది

వానలు తగ్గుముఖం పట్టే టైమ్‌కి తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఏ రోడ్డు పట్టుకుని పోయినా గట్ల మీద, గుట్టల కింద, చెరువు కట్టల పక్కన పసుపు పూల పొదలు కనిపిస్తూనే ఉంటాయి, కార్లోంచి చూసినవాళ్ళు "అదిగో తంగేడు" అనేస్తారు. చాలాసార్లు కరెక్టే, ఎందుకంటే మెట్ట నేలల్లో తంగేడు అంత విరివిగా పెరుగుతుంది. కానీ అదే పసుపు రంగులో, దాదాపు అదే సైజు పూలతో, అలాంటి ఈనె ఆకులతోనే ఇంకో అరడజను మొక్కలున్నాయి. వాటిలో కొన్ని బయటి దేశాల నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయినవి, కొన్ని మున్సిపాలిటీవాళ్ళు డివైడర్లలో నాటినవి, ఒకటైతే పిల్లలు దాని గింజలు తింటే ప్రాణం మీదకి తెచ్చేది. ఫోన్‌లో ఫొటో తీసి యాప్‌లో పెడితే యాప్ కూడా ఇందులో ఏదో ఒక పేరు చెప్పేస్తుంది, ఎందుకంటే మనం తీసేది పువ్వు ఫొటో ఒక్కటే, ఆ పువ్వు మాత్రం అన్నింటికీ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. గుర్తుపట్టే విషయంలో జరిగే తప్పంతా ఇక్కడే మొదలవుతుంది. తంగేడుకి అసలు ఆనవాళ్ళు పువ్వులో లేవు, ఆకు కాడ కొమ్మకి అతుక్కునే చోట ఉన్నాయి.

ముందు మొక్క సంగతి కొంచెం. తంగేడు పక్కా మన నేల మొక్క. దక్షిణ భారతం, దక్కను, అటు గుజరాత్, రాజస్థాన్ పొడి ప్రాంతాలు, ఇటు శ్రీలంక, మయన్మార్ దాని సొంత ఊళ్ళు. తమిళులు ఆవారం అంటారు, కన్నడంలో తంగడి, సింహళంలో రణవర. మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1753లో దీన్ని కాసియా ఆరిక్యులేటా అని పుస్తకానికెక్కించాడు, ఆ తర్వాత విలియం రాక్స్‌బర్గ్ దాన్ని సెన్నా అనే ప్రజాతిలోకి, అంటే దగ్గరి బంధువులైన మొక్కల గుంపులోకి, మార్చాడు. ఈ రాక్స్‌బర్గ్ మనకి కొత్తవాడు కాదు, సామర్లకోటలో ఏళ్ళ తరబడి ఉండి కోరమాండల్ తీరం మొక్కలన్నీ బొమ్మలు గీయించుకున్న డాక్టరు ఆయనే. ఆయన పోయాక 1832లో అచ్చయిన పుస్తకంలో ఆ మార్పు ఉంది. అయినా జనం కాసియా అనే వాడుతూ వచ్చారు, 1982లో అర్విన్, బార్నెబీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కాసియాని మూడు ముక్కలు చేశాకే సెన్నా పేరు గట్టిగా నిలబడింది. అందుకే పాత పుస్తకాల్లో, ఆయుర్వేదం షాపు డబ్బాల మీద ఇప్పటికీ కాసియా అనే ఉంటుంది, రెండూ ఒకటే, కంగారు పడక్కర్లేదు. 2014లో తెలంగాణ వచ్చాక రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది కూడా దీన్నే.

దూరం నుంచి చూస్తే ఏం కనబడుతుంది? మొదటి నుంచే గుబురుగా కొమ్మలేసిన పొద, మామూలుగా మనిషి నడుము దగ్గర్నుంచి తల ఎత్తు దాకా ఉంటుంది. నరక్కుండా వదిలేస్తే చిన్న చెట్టంత కూడా అవుతుంది గానీ మన ఊళ్ళల్లో దాన్ని వదిలేసేది ఎవరు, పొయ్యిలోకో చేనుకి పచ్చిరొట్ట ఎరువుకో కొట్టేస్తూనే ఉంటారు, కొట్టిన ప్రతిసారీ మోడు నుంచి మళ్ళీ నాలుగు కొమ్మలు లేస్తాయి, అందుకే ఎప్పుడూ పొదగానే కనిపిస్తుంది. పశువులు దీని జోలికి పెద్దగా పోవు. గడ్డి మొత్తం మేసేసిన బీడులో తంగేడు మాత్రం అక్కడక్కడా నిలబడి ఉండటానికి కారణం ఇదే. ఇంకోటి, ఇది సతతహరితం, అంటే ఏడాది పొడవునా ఆకు ఉంటుంది. మే నెల ఎండల్లో రేల చెట్టు ఆకు రాల్చేసి పూలతో వేలాడుతుంటే తంగేడు పొద మాత్రం కాస్త వాడినట్టు, దుమ్ము కొట్టుకుపోయి అయినా పచ్చగానే ఉంటుంది. కాబట్టి ఎండాకాలంలో ఆకు మొత్తం రాలిపోయి పసుపు పూలు మాత్రమే ఉన్నదేదైనా కనిపిస్తే అది తంగేడు కాదని అక్కడికక్కడే తేల్చేయొచ్చు.

ఇప్పుడు దగ్గరికి పోయి ఒక కొమ్మ చేతిలోకి తీసుకుంటే సంగతి మొదలవుతుంది. మనం ఆకు అనుకునేది నిజానికి ఒక ఆకు కాదు, ఒక కాడకి, అంటే ఈనెకి, రెండు వైపులా జతలు జతలుగా చిన్నాకులు ఉంటాయి, ఆ మొత్తం కలిపితే ఒక ఆకు. తంగేడులో ఈ జతలు 8 నుంచి 12 దాకా ఉంటాయి, అంటే ఒక ఈనెకి 16 నుంచి 24 చిన్నాకులు, చివర్న ఒంటి ఆకు ఉండదు, జతతోనే అయిపోతుంది. మొత్తం పొడవు సుమారు 9 నుంచి 12 సెంటీమీటర్లు. ఒక్కో చిన్నాకు 2 సెంటీమీటర్లు పైన, వెడల్పు దాదాపు అందులో సగం, రెండు కొసలూ గుండ్రంగానే ఉంటాయి గానీ చివర మధ్యలో సన్నటి ముల్లులాంటి మొన ఒకటి ఉంటుంది, వేలితో తాకితే తెలుస్తుంది, గుచ్చుకోదు. పక్కపక్క ఆకులు ఒకదాని అంచు మీదకి ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. పైన మసక ఆకుపచ్చ, కింద ఇంకా లేత రంగు. లేత కొమ్మల మీద సన్నటి నూగు ఉంటుంది. ఇంకో చిన్న విషయం, సాయంత్రం చీకటి పడే వేళకి ఈ చిన్నాకులన్నీ మడుచుకుపోతాయి, ఆ టైమ్‌లో తీసిన ఫొటో చూస్తే అసలు వేరే మొక్క అనిపిస్తుంది, అందుకే గుర్తుపట్టడానికైతే పగటిపూట చూడటమే మంచిది.

ఈ కొలతలన్నీ ఉపయోగపడతాయి గానీ ఒక్క కొలతతో ఏదీ తేలదు, ఎందుకంటే జతల లెక్క, ఆకు సైజు వేరే మొక్కలతో కలిసిపోతాయి. తేల్చేవి రెండే రెండు.

మొదటిది చెవి. ఆకు కాడ కొమ్మకి కలిసేచోట రెండు పక్కలా రెండు చిన్న ఆకుల్లాంటివి ఉంటాయి, బాటనీ పుస్తకాల్లో పత్రపుచ్ఛాలు అంటారు. చాలా మొక్కల్లో ఇవి వెంట్రుకల్లా సన్నగా ఉండి నాలుగు రోజుల్లో రాలిపోతాయి, అందుకే మనం వాటిని ఎప్పుడూ పట్టించుకోం. తంగేడులో మాత్రం అవి పెద్దవి, గుండ్రంగా, కిడ్నీ ఆకారంలో, కొమ్మని రెండు వైపుల నుంచి పట్టుకున్నట్టు ఉంటాయి, కాడ వైపు ఉన్న మూల నుంచి దారంలాంటి మొన ఒకటి బయటికి సాగి ఉంటుంది. ముఖ్యంగా ఇవి రాలవు. ఆకు ముదిరినా అలాగే అంటుకుని ఉంటాయి. లిన్నేయస్ ఆ ఆరిక్యులేటా (లాటిన్‌లో చెవులున్నది అని) అన్న పేరు పెట్టింది కూడా ఈ చెవుల్ని చూసే. పువ్వు లేని రోజుల్లో కూడా, కాయ లేని రోజుల్లో కూడా కొమ్మ చివర్న రెండు మూడు ఆకుల మొదళ్ళు చూస్తే ఈ చెవులు కనపడాల్సిందే.

రెండోది గ్రంథి, అంటే ఈనె పైవైపు గాడిలో చిన్నాకుల జతల మధ్య నిటారుగా నిలబడి ఉండే చిన్న పుల్లముక్కలాంటిది. మామూలుగా నిలబడి చూస్తే కనబడదు, ఈనెని కొంచెం పక్కకి వంచి, లేదా ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే ప్రతి జత దగ్గరా ఒకటి నిలబడి ఉంటుంది. ఈ "ప్రతి జత దగ్గరా" అన్నది చాలా ముఖ్యం, అసలు సెన్నా మొక్కల్ని విడదీసేది ఈ గ్రంథుల లెక్కే అంటే అతిశయోక్తి కాదు (ఇక్కడ పేర్లు చెప్పే మొక్కల సంగతి కింద వివరంగా వస్తుంది). కసివిందకి కాడ మొదట్లో ఒకటే లావు గ్రంథి ఉంటుంది, పైన ఇంకెక్కడా ఉండదు. తగిరిసకి కింది జతల మధ్య మాత్రమే. డివైడర్లలో నాటే సురాటెన్సిస్‌కి కింది రెండు మూడు జతల దగ్గర ఉండి పైకి పోయేకొద్దీ ఉండవు. సీమ తంగేడుకీ సునాముఖికీ అసలు లేవు. కింద నుంచి పైదాకా అన్ని జతల మధ్యా ఉండేది మన దగ్గర మామూలుగా కనపడే వాటిల్లో తంగేడుకే. చెవి, ఆ పక్కనే ఈ లెక్క, రెండూ కలిసాయంటే ఇంక వేరే ఆనవాలు అక్కర్లేదు.

ఆ గ్రంథులు ఎందుకున్నాయో కూడా చెప్పుకోవాలి. వాటిల్లోంచి తియ్యటి ద్రవం ఊరుతుంది, దానికోసం చీమలు వస్తాయి, చీమలు తిరుగుతున్న ఆకు మీద పురుగులు స్థిమితంగా కూర్చోలేవు. పూర్తి కాపలా అని కాదు, తెల్లటి ఎమిగ్రంట్ సీతాకోకచిలుకల గొంగళ్ళు సెన్నా ఆకులు తినే పెరుగుతాయి, తంగేడు ఆకులు కూడా తింటాయి, సన్నగా ఆకుపచ్చగా ఆకు మధ్య ఈనెకి ఆనుకుని పడుకుంటే మనకే కనపడవు, చీమలకేం కనబడతాయి. పొద మీద సీతాకోకచిలుకలు తారట్లాడుతుంటే అది గుడ్లు పెట్టడానికే తప్ప తేనె కోసం కాదు, ఎందుకంటే తంగేడు పువ్వులో తేనె ఉండదు.

పువ్వు సంగతి ఇక్కడే చూసేద్దాం. బాగా విచ్చుకున్న పువ్వు వెడల్పు దాదాపు 5 సెంటీమీటర్లు, కాడ ఇంకో రెండున్నర. ఐదు రేకులు, ఒకే సైజువి కావు, అంచులు ముడతలు ముడతలుగా ఉంటాయి, పసుపు మీద నారింజ రంగు నరాలు సన్నగా కనిపిస్తాయి. గుత్తులు చిన్నవి, పై ఆకుల చంకల్లోంచి ఒక్కో గుత్తి వస్తుంది, కానీ చివర్న ఆకులన్నీ దగ్గర దగ్గరగా ఉండటంవల్ల అన్ని గుత్తులూ కలిసి కొమ్మ చివర ఒకటే పెద్ద పూల బుట్టలా కనబడతాయి. మధ్యలో పది కేసరాలు, పైనున్న మూడూ ఉత్తవి, పుప్పొడి ఇవ్వవు. కింద పొడుగ్గా వంగి ఉన్నవి మాత్రం అసలు పనికొచ్చేవి, వాటితోపాటు వంకర తిరిగిన అండకోశం ఒకటి, భవిష్యత్తులో కాయ అయ్యేది అదే. సెన్నా పూలల్లో ఒక తమాషా ఉంది, ఈ అండకోశం కొన్ని పూలల్లో ఎడమకీ కొన్నింటిలో కుడికీ వంగి ఉంటుంది, ఒకే కొమ్మ మీద రెండు రకాలూ వెతికి చూడొచ్చు, అద్దంలో చూసినట్టు ఉంటాయి.

కేసరాల కొసన చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది, పుప్పొడి దానంతట అది రాలదు. నల్ల తుమ్మెద వచ్చి పువ్వుని కాళ్ళతో గట్టిగా పట్టుకుని రెక్కల కండరాల్ని గిర్రున అదిరిస్తుంది, అప్పుడు ఆ రంధ్రంలోంచి పుప్పొడి చిమ్ముతుంది. పొద దగ్గర ఉదయంపూట నిలబడితే ఆ జుయ్‌మనే శబ్దం తుమ్మెద ఎగిరేటప్పటి శబ్దంకన్నా వేరేగా, కాస్త సన్నగా వినిపిస్తుంది. ఇదంతా చూడటానికి బాగుంటుంది గానీ గుర్తుపట్టడానికి పనికిరాదు, కసివింద పువ్వు మీదా తుమ్మెద ఇదే పని చేస్తుంది.

కాయ మాత్రం పనికొస్తుంది, చెవులు, గ్రంథుల తర్వాత నమ్మదగిన ఆనవాలు అదే. 7 నుంచి 11 సెంటీమీటర్ల పొడవు, వేలి వెడల్పు, చదును, కాగితంలా పలచన, గింజలున్నచోట ఉబ్బి మధ్యలో నొక్కుకుపోయి అలలు అలలుగా ఉంటుంది, చివర్న పాత కీలం (అండకోశం కొసన ఉండే పోగు) మిగిలిపోయి తోకలాగా ఉంటుంది. ఎండితే లేత గోధుమరంగు. ఒక్కో కాయలో 12 నుంచి 20 గింజలు, ఒక్కోటీ ఒక్కో గదిలో. ఎండిన కాయలు చాన్నాళ్ళు కొమ్మకే ఉంటాయి, అందుకే ఒకే పొద మీద మొగ్గ, పువ్వు, పచ్చికాయ, ఎండుకాయ నాలుగూ కనబడటం మామూలే.

బెరడు గురించి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఈ మొక్కని పువ్వు చూడకుండానే గుర్తుపట్టినవాళ్ళు తోళ్ళు శుద్ధి చేసిన మాదిగ కులస్తులు. దాల్చినచెక్క రంగులో నునుపుగా ఉండే ఈ బెరడులో టానిన్, అంటే తోలుని శుద్ధి చేసే పదార్థం, దాదాపు 18 శాతం, లందల్లో (తోళ్ళు నానబెట్టే తొట్లలో) పచ్చి తోలుని తంగేడు చెక్క, కరక్కాయ నీళ్ళలో నానబెట్టే పద్ధతి తరతరాలుగా నడిచింది. మద్రాసు రేవు నుంచి ఓడలెక్కిన సగం శుద్ధి చేసిన తోళ్ళకి పేరు రావడానికి కూడా ఈ చెక్కే ఆధారం, తర్వాత ఆఫ్రికా నుంచి వాటిల్ అనే తుమ్మజాతి చెట్టు బెరడు చవగ్గా దిగుమతయ్యి దీన్ని పక్కకి నెట్టేసింది. ఇప్పుడు మొక్కల యాప్‌లు తయారుచేసేవాళ్ళు ఆకు, పువ్వు, కాయ అంటూ ఫొటోలడుగుతారు గానీ బెరడు గీరి చూసి చెప్పే ఆ జ్ఞానం ఎక్కడా రికార్డుకెక్కినట్టు లేదు, అది పెద్ద నష్టమే.

ఇప్పుడు పోలికలు. అన్నింటికన్నా జాగ్రత్త పడాల్సింది కసివిందతో, కొన్ని చోట్ల కసింద అంటారు. ఇది అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చింది, ఊరి పెంటదిబ్బల దగ్గర, పాడుబడ్డ గోడల పక్కన వానాకాలంలో గుంపులుగా లేస్తుంది. చిన్నాకులు 4 నుంచి 6 జతలే, పైగా చివర సూదిగా సాగి ఉంటాయి, తంగేడులా గుండ్రంగా ఉండవు. ఆకు నలిపితే వెగటు వాసన, అసలు ఆ వాసనతోనే ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పేస్తారు. చెవులుండవు. కాయ సన్నగా, పొడుగ్గా, కొంచెం వంగి, మధ్యలో ముదురు గోధుమ, అంచులు లేత రంగులో ఉంటుంది, తంగేడు కాయతో అస్సలు కలవదు. ఈ పచ్చికాయల్లోని గింజలు చిక్కుడు గింజల్లా కనిపించేసరికి పిల్లలు ఆడుకుంటూ తినేస్తారు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా చలికాలం ముందు పిల్లలకి వస్తూ వచ్చిన ఒక వింత మెదడు జబ్బుకి కారణం ఈ గింజల విషమేనని అక్కడి పరిశోధకులు గుర్తించారు, లివర్, కండరాలు, మెదడు మూడూ ఒకేసారి దెబ్బతింటాయి. 2016లో మన పక్కనే ఒడిశా మల్కన్‌గిరిలో పిల్లలు వరసగా చనిపోతుంటే మొదట అందరూ మెదడువాపు అనుకున్నారు, నిపుణుల కమిటీ వచ్చి చూశాక చాలా కేసుల వెనక ఈ మొక్కే ఉందని చెప్పింది. కాబట్టి "ఏదో తంగేడు లాంటిదే, ఏం కాదులే" అనేమాట పిల్లలున్న ఇంటి పక్కన మాత్రం అనకూడదు.

దాని తమ్ముడు లాంటిదే తగిరిస, తంటెం అని కూడా అంటారు, లేతాకు కూర వండుకునేవాళ్ళూ ఉన్నారు. దీన్ని తంగేడుతో పొరపడటం కష్టం, చిన్నాకులు మూడే జతలు, కాయ సన్నగా కొడవలిలా వంగి గుప్పెడుకన్నా పొడుగ్గా ఉంటుంది, వానాకాలం పోతే మొక్కే పోతుంది.

సీమ తంగేడు చెట్టు. ఆగ్నేయాసియా నుంచి వచ్చింది, రోడ్ల పక్కన, ఆఫీసుల కాంపౌండ్లలో నీడ కోసం విపరీతంగా నాటారు. చిన్నాకుల జతలూ, వాటి చివర గుండ్రదనం తంగేడుకి బాగా దగ్గర, కొమ్మ ఒక్కటే తెచ్చి చూపిస్తే తెలిసినవాళ్ళు కూడా ఒక్క క్షణం తటపటాయిస్తారు. కానీ చెవులు లేవు, గ్రంథులు లేవు, పూలు కొమ్మ చివర్న మూరెడు గుత్తుల్లో వస్తాయి, కాయలు 15 సెంటీమీటర్లు దాటి 25, 30 దాకా పోతాయి. బతుకమ్మ టైమ్‌లో హైదరాబాద్‌లో అసలు గొడవ దీనితోనే. ఊరి చుట్టూ గుట్టలూ బీళ్ళూ వెంచర్లయిపోయాక తంగేడు కోసం చాలా దూరం పోవాలి, సీమ తంగేడు మాత్రం వీధి చివరే ఉంటుంది. పెత్రమాస నుంచి సద్దుల దాకా బతుకమ్మ పేర్చే రోజుల్లో గునుగు పూలతో పాటు తంగేడు పడాల్సిందే కదా, దొరకనప్పుడు దగ్గర్లో ఉన్న పసుపు పువ్వేదో పెడతారు. అందులో తప్పేం లేదు, గౌరమ్మ బాటనీ అడగదు. కానీ డబ్బులిచ్చి తంగేడు కట్ట కొంటున్నప్పుడు చూసుకోవడం తేలికే, అమ్మేవాళ్ళు పువ్వు ఒక్కటే తెంపరు, కొసకొమ్మ ఆకులతో సహా విరిచి కట్ట కడతారు, కాబట్టి చెవులు ఆ కట్టలోనే ఉంటాయి.

తమిళనాడు కొంగు ప్రాంతంలో పొంగల్‌కి ముందు ఇంటి చూరుకి వేపాకు, పిండికూర పూలు, ఆవారం పూలు కలిపి కాపు కడతారు, అక్కడా ఇదే తంగేడు.

నర్సరీల్లో ఇంకో చిక్కు. "నాటు తంగేడు మొక్క కావాలి" అంటే చాలాచోట్ల సురాటెన్సిస్ అనే సెన్నాని చేతిలో పెడతారు, కుండీలో చిన్నప్పట్నుంచే పూస్తుంది కాబట్టి అమ్ముడుపోతుంది. చిన్నాకులు కాస్త పెద్దవి, జతలు తక్కువ, పువ్వు మధ్యలో పది కేసరాలూ పనిచేసేవే, తంగేడులా పైన మూడు ఉత్తవి ఉండవు, కాయ చదునే గానీ ముడతల్లేకుండా నున్నగా ఉంటుంది. అయినా ఇవన్నీ లెక్కపెట్టే బదులు ఆకు మొదలు చూస్తే సరిపోతుంది, అక్కడ సన్నటి పోగుల్లాంటివే ఉంటాయి, గుండ్రటి చెవులుండవు.

చెవి ఒక్కటే చూసి మోసపోయే సందర్భం కూడా ఒకటుంది, చెప్పకపోతే అన్యాయం. ఆఫ్రికా నుంచి వచ్చిన డిడిమోబోట్రియా అనే సెన్నాకి కూడా ఆకు మొదట్లో వెడల్పాటి పత్రపుచ్ఛాలుంటాయి, తోటల్లో పెంచుతారు, నీలగిరి లాంటి కొండల్లో అడవికి కూడా ఎక్కింది. కానీ దాని పూలు నిటారుగా కొవ్వొత్తిలా లేచే కంకిలో వస్తాయి, పైన విప్పని మొగ్గల్ని కప్పిన తొడుగులు నల్లగా ఉంటాయి, ఆకు నలిపితే పల్లీల వాసన. గ్రంథులుండవు. సీమ అవిసె కూడా కొవ్వొత్తి కంకే, దాని చిన్నాకులు అరచేతిలో సగం ఉంటాయి, కాయకి నిలువునా రెక్కలుంటాయి, చర్మరోగాలకి ఆకు పసరు రాసే మొక్క అది.

ఇక సెన్నాలే కానివి రెండుమూడు. టెకోమా పూలు గంట ఆకారంలో గొట్టంలా ఉంటాయి, ఆకులు ఎదురెదురుగా వస్తాయి, అంచులకి రంపం పళ్ళుంటాయి, చివర్న ఒంటి ఆకు ఉంటుంది, ఇందులో ఏ ఒక్కటి చూసినా తేలిపోతుంది. పచ్చగన్నేరు ఆకు విరిస్తే పాలు కారతాయి, అది విషం, దాని కాయల గురించి మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. రేల సంగతి పైన వచ్చింది, గుత్తులు కిందకి వేలాడతాయి, కాయలు నల్లటి కర్రల్లాగా.

మిగిలింది సునాముఖి, దీన్నే నేల తంగేడు అంటారు, చిక్కంతా అక్కడుంది. తిరునల్వేలి వైపు బాగా పండించే ఈ మొక్క ఆకులో సెనోసైడ్లు ఉంటాయి, అవి గట్టి విరేచనకారి, మందుల షాపుల్లో మలబద్ధకానికి అమ్మే సెన్నా మాత్రలు దీంతోనే. షుగర్‌కి మంచిదని తంగేడు పూల టీ ఈమధ్య ఊపందుకుంది కదా, శ్రీలంకలో రణవర టీ ఎప్పట్నుంచో తాగుతారు, ఇంగ్లిష్ వాళ్ళు దాన్నే మాతర టీ అన్నారు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టకూడదన్నది ఒక సంగతైతే, "తంగేడు ఆకు" అని అడిగి నేల తంగేడు తెచ్చుకుని రోజూ కాచుకు తాగితే కడుపు పట్టుకుని పరుగెత్తాల్సి రావడం ఇంకో సంగతి.

విచిత్రం ఏంటంటే ఈ కల్తీ చరిత్రలో తలకిందులుగా కూడా జరిగింది. విదేశాలకి పోయే సునాముఖిలో తంగేడు ఆకు కలిపేవాళ్ళు, మందుల పరీక్ష పుస్తకాల్లో దానికి పాల్తే సెన్నా అని పేరే ఉంది. అప్పుడు దాన్ని పట్టుకునే పద్ధతి కూడా రాసిపెట్టారు, ఆకుని 80 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో వేస్తే తంగేడైతే ఎర్రటి రంగు వస్తుంది, అసలు సునాముఖికి రాదు. ఇది ల్యాబ్ పని, ఇంట్లో చేసేది కాదు. కంటితో చూడాలంటే చిన్నాకు చాలు: సునాముఖి ఆకు బల్లెంలా సన్నగా సాగి మొనదేలి ఉంటుంది, మొదట్లో ఈనెకి రెండు వైపులా సమానంగా ఉండదు, ఒక పక్క కిందకి జారినట్టు ఉంటుంది. తంగేడు ఆకు రెండు కొసలా గుండ్రంగా, రెండు పక్కలా సమానంగా, చివర ఆ చిన్న మొనతో ఉంటుంది.

పొడి చేసి ప్యాకెట్‌లో పోశాక మాత్రం ఈ ఆనవాళ్ళేవీ మిగలవు, చెవి లేదు, గ్రంథి లేదు, మొన లేదు, అంతా ఒకటే పచ్చపొడి. ఆకైనా పువ్వైనా ఎండబెట్టింది కొనాల్సి వస్తే నలగనిది, వీలైతే రెమ్మతో ఉన్నది అడిగి తీసుకుని పొడి ఇంట్లోనే చేసుకోవాలి.